పొంగితే పిలవండి

"పొంగితే పిలవండి అత్తయ్యా. పొంగకపోతే పిలవకండి." ఆ ఒక్క మాట అనేసి కోడలు మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. చేతులైనా సరిగ్గా కడుక్కోలేదు, వేళ్ళ సందుల్లో పిండి అలాగే ఉంది, మెట్ల పక్క గోడకి చేయి ఆనించిన చోటల్లా తెల్లటి మరకలు పడ్డాయి, వాటిని కిందినుంచి పైదాకా చూస్తూ కూర్చుంది రొట్టెలమ్మ. ఆఖరి మరక దగ్గర తలుపు మూసుకున్న చప్పుడు వినబడింది. దభీమని వేసినా బాగుండేది, కోపం ఉంటే మనిషి ఉన్నట్టే కదా, ఈ పిల్ల ఈమధ్య తలుపులు కూడా ఎవరి నిద్రో చెడిపోతుందన్నంత మెల్లగా వేస్తోంది. ఇంతకీ ఎదురుగా ఉన్నదేమంత బ్రహ్మవిద్య కాదు, చెక్క తొట్టిలో తడిగుడ్డ కింద ఓ పిండిముద్ద, రేపు ఆదివారం ప్రభువు బల్లమీదికి వెళ్ళాల్సిన రొట్టె. కింద వీధి వైపు వాళ్ళ రొట్టెల షాపు, వెనక ఈ వంటగది, పైన కాపురం, పెరట్లో కట్టెల బట్టీ, అందులో మంటేస్తూ కొడుకు. శనివారం మధ్యాహ్నం షాపు మూసేశాక ఈ ఇంట్లో జరిగే పని ఇదొక్కటే. వారమంతా అమ్మే రొట్టెలకి కొడుకు పాకెట్ ఈస్టు వేసి మెషీన్లో తిప్పేస్తాడు, దానికెవరూ పక్కన కూర్చుని ఎదురు చూడక్కర్లేదు. సంఘానికి వెళ్ళే రొట్టె మాత్రం జాడీలో తరతరాలుగా దాచుకొచ్చిన ఇంటి పుల్లపిండితోనే, చేత్తోనే, అది అత్తగారి నాటి మాట. బట్టీ కాగడానికి ఇంకో గంట పడుతుంది. ఈ గంటలో ఆ గుడ్డ కింద ఏదైనా జరగాలి, లేకపోతే లేదు.

గుడ్డ ఎత్తి చూడకూడదు. మాటిమాటికీ ఎత్తితే చలిగాలి తగిలి పిండి బెదురుతుందని అత్తగారు చెప్పేది, పిండికి బెదురేమిటని అడిగితే, "నీకు కొత్తలో లేదూ, అలాగే" అనేది. ముక్కాలిపీట తొట్టి దగ్గరికి లాక్కుంటే మోకాళ్ళు కటకటమన్నాయి, ఆ చప్పుడుకి పిండి బెదరకపోతే చాలు. ఎండ కిటికీలోంచి వచ్చి గుడ్డమీద పడుతోంది, పిండి దుమ్ము ఆ ఎండలో తేలుతోంది, ఎక్కడా ఆగదు, ఎవరూ ఊదడం లేదు, అయినా తేలుతూనే ఉంది. రొట్టెలమ్మకి చదువు పెద్దగా రాదు, పెద్దక్షరాలైతే కూడబలుక్కుంటుంది. వాక్యమంతా చెవిన పడ్డదే. పెనిమిటి బతికున్నంతకాలం తెల్లారుజామున తొట్టికి ఆ చివర కూర్చుని అధ్యాయం చదివేవాడు, ఈ చివర ఈవిడ పిండి పిసికేది, ఆయన గొంతులో అబ్రాహాము నడుస్తుంటే ఈవిడ చేతికింద పిండి సాగేది. అందుకే ఆవిడ తలలో వాక్యాన్నీ పిండినీ ఇప్పుడు ఎవరూ విడదీయలేరు, ఎర్ర సముద్రం పాయలవుతుందంటే నీళ్ళూ పిండీ కలవక ముందు పళ్ళెంలో చేసే దారి కనిపిస్తుంది. ఇక ప్రభువే చెప్పిన ఆ కథ, పరలోకరాజ్యం ఎలాంటిదయ్యా అంటే, ఒకావిడ మూడు కుంచాల పిండిలో పుల్లపిండి దాచిపెట్టింది, అంతా పొంగింది, అంతే కథ. మొదటిసారి విన్నరోజు ఈవిడ చేయి ఆగిపోయింది. మూడు కుంచాలా! ఎవరి పెళ్ళికమ్మా అంత పిండి, ఆ ఇల్లాలికి నడుములుండవూ అని నవ్వితే, ఆయనా నవ్వాడు. తర్వాత ఎన్నో ఏళ్ళకి, ఇదిగో ఇలాగే కూర్చున్నప్పుడు, ఇంకోటి తోచింది. ప్రభువుకెలా తెలుసు? వడ్రంగింటి పిల్లాడికి పిండి సంగతి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, చూశాడు. వాళ్ళమ్మ పిసుకుతుంటే తొట్టి అంచుమీద గడ్డం ఆనించి కూర్చుని ఉంటాడు, ఇంకా పొంగలేదా అమ్మా అని అడిగి ఉంటాడు, ఉండు నాన్నా అని ఆమె కసిరి ఉంటుంది. నక్షత్రాలకి పేర్లు పెట్టినవాడు, పిండి పొంగడానికి కాచుకుని కూర్చున్నాడు. ఆ తలపు వచ్చినప్పుడల్లా రొట్టెలమ్మకి వీపుమీద సన్నగా వెంట్రుకలు లేస్తాయి, ఇప్పుడూ లేచాయి, చీర చెంగు దగ్గరగా లాక్కుంది.

కానీ ఇది ఆ పిండి కాదే. పాత పుల్లపిండి అయితే ఈ భయమే ఉండేది కాదు, దాని బలం అలాంటిది, ఎండాకాలంలో జాడీ మూత తన్నేసి మరీ బయటికొచ్చేది. జాడీని కోడలే చేతులారా పాడుచేసింది. పాపం పాడుచేయాలని కాదు. ఆ పిల్ల తల్లి ఆసుపత్రిలో వార్డులు కడిగే మనిషి, కనబడ్డదల్లా సలసల కాగే నీళ్ళు పోసి కడగాలని ఉగ్గుపాలతో నేర్పింది, ఈ పిల్ల పుట్టింటినుంచి తెచ్చుకున్నది ఆ శుభ్రం ఒక్కటే. చాలా రోజుల తర్వాత మంచం దిగి వంటగదిలోకి వచ్చిన మొదటిరోజున, అత్తయ్యకి సాయం చేద్దామనుకుని, అలమరలో ఉన్న గిన్నెలన్నీ దించి, జాడీలో అడుగున బూజుపట్టిన ముద్దలాంటిది కనిపిస్తే, మరిగే నీళ్ళు పోసింది. ఇంకెవరైనా అయితే వాసన చూసి పారేసేవాళ్ళు, ఒక ముక్కైనా దక్కేది, ఈ పిల్ల పద్ధతిగా మూడుసార్లు పోసింది. రొట్టెలమ్మ వచ్చి చూసి, అయ్యో అనకూడదని నోరు నొక్కుకుంది గానీ, మొహం దాగుతుందా. అదేమిటో తెలిశాక కోడలు ఏడవలేదు. గిన్నెలు తుడిచే గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టి, "దీన్నీ చంపేశానన్నమాట" అంది. దీన్నీ. ఆ 'నీ' అక్కడే గాలిలో వేలాడింది. అయిదో నెలలో కడుపు పోయింది కదా, అప్పటినుంచి ఆ మాట ఆ పిల్ల లోపల ఎక్కడ దాక్కుందో గానీ అప్పుడు బయటపడింది. "నా చేయి తగిలితే ఏదీ బతకదు అత్తయ్యా, నన్ను వంటింట్లోకి రానివ్వకండి." సంఘం వాళ్ళు వచ్చి ఎన్ని మాటలు చెప్పలేదు, దేవుడి చిత్తం అని ఒకరు, వయసుంది ఇంకోడు పుడతాడని ఒకరు, మంచివాళ్ళే అందరూ, గాయం చూడగానే జేబులోంచి ఉప్పు తీసేవాళ్ళు. పిల్లలందర్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులొచ్చారా, ఏడు రోజులు నేలమీద కూర్చుని ఒక్క మాట అనలేదట, అంతవరకూ వాళ్ళంత మంచివాళ్ళు లేరు, నోరు తెరిచాకే చెడ్డారు. రొట్టెలమ్మకది తెలుసు, తెలిసి కూడా నోరు మూసుకోవడం ఆవిడకి ఎంత కష్టమో ఆ దేవుడికే తెలుసు. పుట్టి బుద్ధెరిగి మౌనం అన్నది వ్రతంగా కూడా చేయని మనిషి.

మాట్లాడలేక పని పెట్టింది. ఈ తొట్టిని ఎప్పుడూ నీళ్ళతో కడగరు, రేకుముక్కతో గీకడమే, అత్తగారు, వాళ్ళ అత్తగారు, ఆమె అత్తగారు, అందరూ గీకినవాళ్ళే. పుల్లపిండి ఈ ఇంట్లో కూతుళ్ళకి పోలేదు, కోడళ్ళకే వచ్చింది, రక్తం పంచుకోనివాళ్ళు పిండి పంచుకున్నారు. బైబిలు మొత్తంమీద పొసిగిన అత్తాకోడళ్ళు రూతూ నయోమీ ఇద్దరే, అందుకే కాబోలు వాళ్ళకంటూ ఓ పుస్తకమే రాశారు, మామూలు సంగతైతే రాస్తారా. ఇంతమంది కోడళ్ళు పిసికిన పిండి తొట్టి చెక్క పగుళ్ళలోకి ఎక్కి ఎండి రాయైపోయింది, దాన్ని రేకుతో గీకమంది కోడల్ని. ఆ పిల్ల ఎందుకని కూడా అడగలేదు, గీకింది. దోసెడైనా కాలేదు, బూడిదరంగు పొట్టు, పాత పుల్లపిండి ప్రాణం అందులో ఏ మూలైనా మిగిలుందేమోనని ఆశ. గోరువెచ్చని నీళ్ళలో నానేసి, చారెడు పిండి కలిపి, రోజూ పొద్దున ఇంత తీసేసి ఇంత కొత్తపిండి పెట్టమంది. పెట్టింది. మొదట్లో ఏమీ లేదు, పశువుల కొట్టం వాసన, తర్వాత ఒక బుడగ, ఒక్కటే, అది పగిలి ఊరుకుంది. రొట్టెలమ్మకి యాయీరు కూతురు గుర్తొచ్చింది, ఇంటినిండా ఏడుస్తున్నవాళ్ళు, ఈ పిల్ల చనిపోలేదు నిద్రపోతోంది అని ప్రభువు అంటే పకపకా నవ్వినవాళ్ళు, ఆయన చేయి పట్టుకుని లేపడం, అదంతా అందరూ చెబుతారు, ఆవిడకి మాత్రం ఆ తర్వాతి మాటే ఎప్పుడూ కళ్ళనీళ్ళు తెప్పిస్తుంది, పిల్లకి తినడానికేమైనా పెట్టండి అన్నాడట. చావునుంచి లేపినవాడు ఆకలి మర్చిపోలేదు. అందుకే రోజూ ఇంత పిండి పెట్టు, తినడానికి పెట్టు అని కోడలికి చెప్పింది. చెప్పి నాలుక కరుచుకుంది. యాయీరు కూతురు లేచింది సరే, మన బిడ్డ లేవలేదేం? తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చిన నర్సు మొహం కూడా ఎత్తలేదే. చేయి పట్టుకోవడానికి చేయంటూ ఎంతుంది గనక, ఈ బొటనవేలి గోరంత. ఎందుకు లేపలేదు ప్రభువా? ఈ ప్రశ్న ఆవిడ ఎన్నోసార్లు అడిగింది, వంచిన తల ఎత్తకుండా అడిగింది, కొడుకు వినకుండా అడిగింది, జవాబు రాలేదు. రాకపోయినా అడగడం మానలేదు, మానేస్తే ఆయన లేడనుకున్నట్టవుతుంది కదా.

"అమ్మా," కొడుకు పెరటి గుమ్మంలో నిలబడ్డాడు, మొహమంతా మసి. "ఎలా ఉంది?"

"గుడ్డలా ఉంది. దాన్నే చూస్తున్నా."

"వేళాకోళం కాదమ్మా. బట్టీ కాగుతోంది. పాస్టరమ్మగారు ఫోన్ చేశారు, ఇబ్బందైతే ఒక పాకెట్ రొట్టె కొనుక్కుందాం, ప్రభువేమీ అనుకోడు అన్నారు."

"ప్రభువు అనుకోడులే. మీ నాన్నమ్మ అనుకుంటుంది, పైనించి కిందికి వచ్చి మరీ అనుకుంటుంది."

వాడు నవ్వబోయి మెట్లవైపు చూశాడు. గోడమీది తెల్ల మరకలు చూశాడు. పెళ్ళాం చేతి గుర్తులని పోల్చుకున్నాడు. "అది పిండి కలిపిందా? తనే?"

"తనే. నేను ముట్టుకోలేదు. నీళ్ళు కూడా తనే పోసుకుంది."

"పొంగకపోతే మళ్ళీ తలుపేసుకుంటుందమ్మా." మెల్లగా, కాళ్ళకేసి చూస్తూ అన్నాడు. "ఈసారి వేసుకుంటే తీస్తుందో లేదో." అని కట్టెలు తెచ్చే నెపంతో పెరట్లోకి వెళ్ళిపోయాడు. మగపిల్లాడు, వాడి దుఃఖానికి మసి అంటుకుంటే గానీ బయటికి రావడానికి ధైర్యం ఉండదు, తండ్రీ అంతే, దగ్గొచ్చిందని చెప్పి పెరట్లోకి పోయేవాడు. వాడికీ తెలుసు అన్నమాట. ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ఎవరూ ఒకరికొకరు చెప్పుకోరు. గుడ్డకింది ముద్ద పొంగితే ఆ పిల్ల మెట్లు దిగుతుంది. పొంగకపోతే, నా చేయి తగిలితే ఏదీ బతకదన్న మాటకి ఇదిగో సాక్ష్యం అని లోపల గడియ పెట్టుకుంటుంది.

రొట్టెలమ్మకీ ఒకప్పుడు కడుపు పోయింది, వేరే ఊళ్ళో ఉంటున్న పెద్దాడికీ వీడికీ మధ్యలో. ఆ రోజుల్లో దానికి పేరు పెట్టి ఏడ్చేవాళ్ళు కాదు, వచ్చిందీ పోయిందీ అంతే. మూడోరోజో నాలుగోరోజో అత్తగారు గదిలోకి వచ్చి, అయ్యో లేదు, తల్లీ లేదు, "లే, పిండి కలుపు" అంది. రాక్షసి అనుకుంది ఆరోజు. ఇప్పటికీ కాస్త రాక్షసే అనుకుంటుంది, ఆ సంగతి వేరు. కానీ కలిపింది. మోచేతిదాకా పిండిలో పెట్టి పిసుకుతుంటే, ఎక్కడినుంచో చేతులకి వెచ్చదనం తగిలింది, పిండి అలా వెచ్చగా ఉంటుందని అంతకుముందు గమనించలేదు, లోపల ఏదో పని జరుగుతోంది, ఈవిడతో చెప్పకుండా, ఈవిడ ఏడుపుతో నిమిత్తం లేకుండా. శారా కూడా మూడు కుంచాలే పిసికింది కదా. అవును, అదీ మూడే. ముగ్గురు మనుషులు వచ్చారని అబ్రాహాము గుడారంలోకి పరుగెత్తుకొచ్చి తొందరగా తొందరగా అన్నాడు, పిండి పొంగడానికి తొందరుండదని మగవాళ్ళకి ఎప్పుడు తెలిసింది గనక. ఆ తర్వాత వెన్న పెట్టాడు, పాలు పెట్టాడు, దూడమాంసం పెట్టాడు, అన్నీ చెప్పారు, మరి రొట్టె ఏమైంది? పెనిమిటిని మళ్ళీ మళ్ళీ చదవమంది, రొట్టె వడ్డించినట్టు ఎక్కడా లేదు. ఏమవుతుంది, గుడారం తలుపు వెనక నిలబడి నీకు బిడ్డ పుడతాడన్న మాట విన్న ఆడది పిండి సంగతి చూసుకుంటుందా? ఎండిపోయిన కడుపు, పిండంటిన చేతులు, లోపల్లోపల ఒక నవ్వు, ఆ నవ్వులో ఎంత చేదు ఉండి ఉంటుంది, నాకా, ఇప్పుడా. ముద్ద అక్కడే ఉండిపోయి ఉంటుంది. దానిమానాన అది పొంగి ఉంటుంది.

పై అలమరలో, ఎడంపక్క, ఈస్టు పాకెట్ ఉంది.

ఆ మాట ఎవరో చెవిలో ఊదినట్టు వచ్చింది. అది అక్కడుందని ఇంతసేపూ తెలుసు, తెలియనట్టు శారా గురించి, అత్తగారి గురించి ఆలోచిస్తోంది, మనసు అంటే అంత దొంగది. ఒక చెంచా. గోరువెచ్చని నీళ్ళలో కలిపి, గుడ్డ ఓ పక్క ఎత్తి పోసి, నాలుగు మడతలు వేసి మళ్ళీ కప్పేస్తే, బట్టీ కాగేలోపు తొట్టి నిండా లేస్తుంది. కోడల్ని పిలవొచ్చు. అమ్మాయీ, చూడవే నీ చేతి మహిమ అనొచ్చు. ఆ మొహం వెలుగుతుంది. ఎవరికీ నష్టం లేదు. లేచింది. పీటెక్కింది, ఈ వయసులో పీటెక్కొద్దని కొడుకు తిడతాడు, ఎక్కింది. పాకెట్ తీసింది, గ్లాసులో నీళ్ళు పోసింది, పొడి వేసింది, చెంచాతో తిప్పింది. శారా కూడా ఇలాగే కదా తొందరపడింది, దేవుడు ఆలస్యం చేస్తున్నాడు మనమే ఏదో ఒకటి చేద్దామని దాసి హాగరుని మొగుడి దగ్గరికి పంపింది, ఆ ఇంట్లో పొగ ఎన్నేళ్ళు ఆరలేదో. కూడదు. మరి మంత్రసానులో? ఫరో చంపమన్న బిడ్డల్ని దాచి, హెబ్రీ ఆడవాళ్ళు మేం వెళ్ళేలోపే కనేస్తున్నారు దొరా అని కళ్ళార్పకుండా అబద్ధం ఆడలేదూ, దేవుడు వాళ్ళకి ఇళ్ళు కట్టించి దీవించలేదూ? అదీ బైబిల్లోనే ఉంది. ఎటు కావాలంటే అటు వాక్యం దొరుకుతుంది, అదే తంటా, తాడు ఒకటే, బావిలోంచి నీళ్ళు తోడొచ్చు, ఉరీ పోసుకోవచ్చు. గ్లాసులో అప్పుడే నురగ మొదలైంది, చకచకా, పిలవని పేరంటానికి వచ్చినట్టు. గ్లాసు పట్టుకుని తొట్టిమీదికి వంగింది. గుడ్డ అంచు వేలికి తగిలింది, చల్లగా.

ఎవరికోసం? అని ఒక్కసారి అనిపించింది, తనే అడిగిందో ఇంకెవరైనా అడిగారో. పిల్ల కోసమే. పిల్ల కోసమేనా? పిల్ల అలా ఉంటే చూడలేని తన కళ్ళకోసం కాదూ? ఈ రొట్టె రేపు బల్లమీద విరుస్తారు, ఇది నా శరీరం అన్నమాట దాని మీద పలుకుతారు, ఆ పిల్ల చాలా ఆదివారాల తర్వాత వస్తే గిస్తే దానికోసం వస్తుంది, చేయి చాపి ఒక ముక్క తీసుకుంటుంది, నా చేతిలో బతికింది అనుకుని నోట్లో పెట్టుకుంటుంది. అది అబద్ధమైతే? జీవితంలో ఇంకెప్పుడైనా ఈ పిల్ల ఏ మంచిదాన్నైనా నమ్మగలదా, లోపల అత్తగారి చెంచా ఉందో లేదో ఎవరికి తెలుసు అనుకోదూ? అసలు ప్రభువు ఏమన్నాడు, దాచిపెట్టింది అన్నాడు, ఆవిడ దాచిపెట్టి, తర్వాత? తర్వాత ఆవిడ ఏం చేసిందో చెప్పనేలేదు. ఏం చేయలేదు గనక చెప్పలేదు. ఆయన్ని సమాధిలో పెట్టిన సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక మగ్దలేనే మరియా, ఇంకో మరియా ఆ సమాధికి ఎదురుగా కూర్చున్నారట. కూర్చున్నారు, అంతే రాసుంది. రాయి దొర్లించలేరు, పిలిస్తే పలకడు, చేయడానికి ఒక్క పనీ మిగల్లేదు. ఎదురుగా కూర్చున్నారు. ఎన్నోసార్లు విని దాటిపోయిన మాట ఇప్పుడు రొట్టెలమ్మ గుండెమీద చేయిలా పడింది. చూడలేక లేచిపోవడం కాదు, ఏదో ఒకటి చేసేయడం కాదు, మూసి ఉన్నదానికి ఎదురుగా కూర్చోవడం. అదీ ఆరాధనేనా ప్రభువా? గ్లాసు తీసుకెళ్ళి సింకులో ఒంపేసింది. అడుగున వేడినీళ్ళున్నాయి కాబోలు, పాత చక్కెర ఏదైనా ఉందో, తూము దగ్గర అది బ్రహ్మాండంగా పొంగింది, తెల్లగా, గుల్లగా, ఇదిగో చూశావా అన్నట్టు. "నీ మొహం," అంది దాన్ని చూసి. వచ్చి కూర్చుంది.

కూర్చుంటే నిశ్శబ్దం వినబడింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు, పెరట్లో కట్టె చిటపటమంది, వాటికింద ఇంకో నిశ్శబ్దం. ఆ గుడ్డకింద ఏముందో తనకి తెలియదు. ఉందో లేదో కూడా తెలియదు. ఇన్నేళ్ళు పిసికింది, ఇన్ని రొట్టెలు తీసింది, పొంగేది ఏమిటో ఒక్కసారీ కంటితో చూడలేదు. పొంగాక పిండిని చూసింది గానీ పొంగించేదాన్ని చూడలేదు. తల్లి కడుపులో ఎముకలు ఎలా ఎదుగుతాయో నీకు తెలియదని వాక్యంలో ఎక్కడో ఉంది, పెనిమిటి అది చదివి కాసేపు ఆగేవాడు. ఎదగడమూ తెలియదు, ఆగిపోవడమూ తెలియదు. తెలియనిది ఇంత దగ్గరగా ఉంది, మూరెడు దూరంలో, తడిగుడ్డ అంత పల్చటి తెరకి అవతల. ప్రార్థన చేద్దామనుకుంటే మాటలు రాలేదు, రొట్టెలమ్మకి మాటలు రాకపోవడమా, అదే ఒక వింత. తండ్రీ అంది. అక్కడితో ఆగింది. ఆ ఒక్క మాటలోనే కూర్చుంది, ఎంతసేపో.

మెట్లమీద అడుగులు. కోడలు సగం దాకా దిగి ఆగింది. "మీరు పిలవలేదు."

"చూడలేదు. చూస్తే కదా పిలిచేది."

"గంట దాటిపోయింది అత్తయ్యా."

"దాటే ఉంటుంది. మీ ఆయన మసితో సింగారించుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు."

కోడలు మిగతా మెట్లు దిగింది. కళ్ళు వాచి ఉన్నాయి, ఏడ్చిందన్నమాట, మంచిదే. తొట్టివైపు రాలేదు, మధ్యలో సింకు దగ్గర ఆగిపోయింది. "ఈ నురగేంటి?"

రొట్టెలమ్మ దాచలేదు. "ఈస్టు."

ఆ పిల్ల కదల్లేదు. వెనక్కి తిరగలేదు కూడా. "కలిపారా?"

"కలుపుదామనే కలుపుకున్నా. పీట కూడా ఎక్కా. నువ్వు మళ్ళీ తలుపేసుకుంటావేమోనని నా భయం. తర్వాత తూములో పోసేశా."

"ఒట్టు?"

"ఒట్లు వద్దన్నాడు ప్రభువు. అవునంటే అవును, కాదంటే కాదు. కలపలేదంటే కలపలేదే పిల్లా."

కోడలు అత్తగారి మొహంలోకి చూసింది, చాలా సేపు, వార్డు నేలమీద మరక ఉందో లేదో చూసే తల్లి చూపు అది, దేన్నీ వదలదు. చూసి, తొట్టి దగ్గరికొచ్చింది. గుడ్డని రెండు చివర్లా పట్టుకుని ఎత్తింది. ముద్ద మరీ పొంగిపోలేదు, తొట్టి నిండిపోలేదు, ఇందాక పెట్టినప్పటికంటే ఎత్తుగా ఉందా, అలాగే ఉందా, ఎండ పడి కళ్ళు మోసం చేస్తున్నాయా, రొట్టెలమ్మకి చెప్పాలనిపించలేదు. పులుపు వాసన మాత్రం వచ్చింది, సన్నగా, పాలుతాగే పిల్లల నోటి దగ్గర వచ్చేలాంటిది. ఇద్దరూ ఆ మాట అనుకోలేదు, అనుకుంటే నిలబడలేకపోయేవాళ్ళు. కోడలు చూపుడువేలు పొడిపిండిలో అద్ది ముద్ద మధ్యలో గుచ్చింది, కణుపుదాకా. తీసింది. గుంట పడింది. చచ్చిన పిండికి గుంట పడితే గుంటగానే ఉండిపోతుంది, ఈ ఇంట్లో అది చిన్నపిల్లకైనా తెలుసు. ఇద్దరూ ఆ గుంటలోకి చూస్తున్నారు. ఏమీ జరగలేదు. రొట్టెలమ్మ పీట అంచు పట్టుకుని ఇంకా ముందుకి వంగింది. ఏమీ జరగలేదు. అప్పుడు గుంట అడుగు కదిలింది. కదిలిందా అంటే చెప్పలేనంత మెల్లగా, నిద్రలో ఉన్నవాళ్ళు ఒత్తిగిలినట్టు, అడుగు పైకి వస్తోంది, అంచులు దగ్గరికి జరుగుతున్నాయి, ఎవరూ తొయ్యడం లేదు, ఎవరూ ఊదడం లేదు, లోపలినుంచి, తనంతట తను. గుంట సగం పూడింది. ఇంకొంచెం పూడింది. కోడలి నోటినుంచి చిన్న శబ్దం వచ్చింది, ఏడుపూ కాదు మాటా కాదు.

"అమ్మా, వేడి దిగిపోతుంది! పెడదామా వద్దా?" పెరట్లోంచి కొడుకు.

"అప్పుడే కాదు," కోడలు జవాబిచ్చింది, కళ్ళు పిండిమీదినుంచి తీయకుండానే. "ఇంకా పొంగాలి. కొన్ని కట్టెలు వేయండి." గుడ్డ మళ్ళీ కప్పింది, గాలి చొరకుండా అంచులు నాలుగువైపులా సర్దింది. "లేవండి అత్తయ్యా. ఆ పీట ఇలా ఇవ్వండి, మీ మోకాళ్ళు నొప్పి. నేను చూస్తుంటాను."

రొట్టెలమ్మ లేచి పీట ఇచ్చింది. ఇచ్చి పక్కకి వెళ్ళలేకపోయింది. పొద ఒకటి మండుతూ కాలిపోకుండా ఉందంటే మోషే చూద్దామని దగ్గరికి పోతే, చెప్పులు విడువు, నువ్వు నిలబడ్డ చోటు పరిశుద్ధమైంది అని వినబడిందట. ఆవిడ తల దించి తన కాళ్ళకేసి చూసుకుంది. చెప్పులు లేవు. మడమలదాకా పిండి ఉంది.